ఓర్చుకో అనని మత్తు డాక్టరమ్మ

మా మత్తు డాక్టరమ్మ పోయిందన్న కబురు నాకు వార్డులో, ఒక బాలింత చేతికి బీపీ పట్టీ చుడుతుండగా వచ్చింది. ఆసుపత్రి వాళ్ల ఫోను గ్రూపులో ఆమె ఫొటో, దాని కింద దండం పెట్టే చేతులు, వరసగా ఓం శాంతి, ఓం శాంతి. ఒకరు పెట్టారని ఇంకొకరు. ఆ వరసలోనే ఎవరో పెద్దమనిషి "ఓర్పుకు మారుపేరు మన మేడమ్" అని రాశాడు. అవునవునని అందరూ బొటనవేళ్లు ఎత్తారు. నాకు ఏడుపు రావలసిన చోట ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఈ నాలుగు మాటలు. ఓపికగా చదవండి అని కూడా మిమ్మల్ని అడగను. ఓపిక, ఓర్పు, సహనం, ఈ మూడు మాటలూ ఆమెకు గిట్టేవి కావు.

నేను పాతబస్తీలో ఒక సర్కారు కాన్పుల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. సిజేరియన్ అయిన తల్లుల వార్డు నాది. పుట్టింది, పెరిగింది, ఇప్పటికీ ఉంటున్నది ఉప్పుగూడలోనే. ఆమెది కోస్తా. ఉద్యోగం కోసం కుటుంబంతో వచ్చి మలక్‌పేటలో స్థిరపడింది. ఆమెకు చక్కటి పేరుంది, పేరు వెనక పెద్ద చదువుల అక్షరాలున్నాయి. మా ఆయమ్మల దగ్గర్నుంచి గేటు దగ్గర టీ అమ్మే భాయ్ దాకా ఎవరూ ఆ పేరు పలకలేదు. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేది గనక మత్తు డాక్టరమ్మ, అంతే. ఆ పిలుపు విని ఆమె నవ్వేది. "నన్ను కల్లు దుకాణం దాన్ని చేశారే మీరంతా," అనేది.

ఆమె రాకముందు మా వార్డు ఎట్లా ఉండేదో చెప్పాలి. సిజేరియన్‌కు నడుములో సూది ఇస్తారు. దాంతో నడుము కింద నుంచి మొద్దుబారిపోతుంది, తల్లి మెలకువగానే ఉంటుంది, బిడ్డను చూస్తుంది, అంతా బాగానే ఉంటుంది. అసలు కథ ఆ మత్తు దిగాక మొదలవుతుంది. పొట్ట మీద అడ్డంగా కోసిన చోట నిప్పు రాజుకుంటుంది. పక్కకు తిరగలేరు, తుమ్మలేరు, నవ్వలేరు. బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి లేవలేరు. మేం ఏం చేసేవాళ్లం? ఒక మాత్ర, మరీ అరిస్తే ఒక ఇంజెక్షన్. అరవకపోతే ఏమీ లేదు. డ్యూటీ మారేటప్పుడు మంచం మంచానికీ నిలబడి అప్పగింతలు చెప్పుకునేటప్పుడు నోరెత్తని తల్లిని "నిమ్మళం" అనేవాళ్లం. నోరెత్తిన దాన్ని "లొల్లి" అనేవాళ్లం. ఆ రెండే మా వార్డులో కొలతలు.

ఆ లొల్లి చేసే పిల్లలకు దొరికే సమాధానాలు ఇక్కడ రాయడానికే నాకు సిగ్గు. "అప్పుడు తెల్వదా, ఇప్పుడు ఏడుస్తున్నవ్?" అనే ఆయమ్మలున్నారు. "తల్లివైనంక గీ మాత్రం ఓర్చుకోవా బిడ్డా?" అనే మెత్తని మనుషులూ ఉన్నారు. రెండో వాళ్లే ఎక్కువ ప్రమాదమని తర్వాత మత్తు డాక్టరమ్మ అనేది. తిట్టిన వాళ్ల మీద కనీసం కోపం తెచ్చుకోవచ్చు, దీవించే వాళ్లను ఏం చేయగలం అనేది.

మామూలుగా మత్తు డాక్టర్ల పని థియేటర్ తలుపు దగ్గర అయిపోతుంది. ఈమె చేరిన కొత్తల్లోనే ఒక మధ్యాహ్నం నేరుగా మా వార్డులోకి వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో కాఫీ ఫ్లాస్కు, కళ్లద్దాలు నెత్తి మీద. ఏదో పోగొట్టుకున్న మనిషిలా మంచం తర్వాత మంచం చూసుకుంటూ వచ్చి, శాలిబండ నుంచి వచ్చిన ఒక అమ్మాయి దగ్గర ఆగింది. ఆ పిల్ల మగ్గం పని చేస్తుంది, చీరల మీద జరీ పూలు కుడుతుంది. మొదటి కాన్పు.

"ఎలా ఉందమ్మాయ్?"

"మంచిగనే ఉంది మేడమ్."

"నొప్పి?"

"లేదు మేడమ్."

"అయితే ఒకసారి దగ్గు."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేనూ అర్థం కాక డాక్టరమ్మ వైపు చూశాను. పిల్ల ఊపిరి తీసుకుని, మంచం కడ్డీ పట్టుకుని, అక్కడే ఆగిపోయింది. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. "దగ్గొస్తలేదు మేడమ్," అంది, అదేదో తన తప్పయినట్టు.

"మరి నొప్పి లేదన్నావేం?"

"ఉన్నదంటే తిడ్తరు గద మేడమ్."

"ఎవరు తిడతారు?"

మా ఆయమ్మ పక్క మంచం దుప్పటి సర్దడంలో మునిగిపోయింది. డాక్టరమ్మ కళ్లద్దాలు నెత్తి మీంచి దించి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తర్వాత వార్డంతా వినపడేట్టు చెప్పింది: "ఇవాళ్టి నుంచి ఎవరినీ నొప్పి ఉందా అని అడగొద్దు. వీళ్లు చెప్పరు. దగ్గమనండి. పక్కకు తిరగమనండి. బిడ్డని ఎత్తుకోమనండి. అది చేయలేకపోతే నొప్పి ఉన్నట్టు. అంతే లెక్క."

మర్నాటి నుంచి ఆమె అసలు పని మొదలుపెట్టింది. ఆపరేషన్ అయిపోయి పైన కుట్లు వేశాక, నడుము మత్తు ఇంకా దిగకముందే, పొట్టకు రెండు పక్కలా ఒక్కో సూది. అందులో ఆ చోటును మొద్దుబరిచే మందు. స్కాన్ మిషన్ పెట్టి, తెర మీద పొట్ట కండల పొరలు చూసుకుంటూ, సరిగ్గా ఆ పొరల మధ్యకు సూది దించేది. పిస్టన్ వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకుని అప్పుడు మందు ఎక్కించేది. తల్లి బరువు అడగకుండా ఒక్క చుక్క మందు సూదిలోకి లాగేది కాదు. మందు ఇచ్చాక పక్కనే కూర్చుని, "నాలిక మొద్దుబారినట్టుందా? చెవుల్లో గుయ్యిమంటోందా?" అని అడుగుతూ ఉండేది. మిషన్ చెడిపోయిన రోజుల్లో, కుట్లు వేసే ముందే కోత అంచుల్లో అదే మందు ఎక్కించమని ఆపరేషన్ చేసే డాక్టర్ల వెంటపడేది.

నాకు మొదట్లో నమ్మకం కలగలేదు. పక్కల్లో సూది ఇస్తే మధ్యలో కోతకు నొప్పి ఎట్లా తగ్గుతుంది మేడమ్ అని అడిగాను. "మీ గల్లీ మొదట్లో వాల్వు కట్టేస్తే మీ ఇంట్లో నల్లా వస్తుందా?" అంది. రాదన్నాను. "ఆ కోత దగ్గరికి వెళ్లే నరాలు పక్కల నుంచే వస్తాయి. నేను వాల్వు కడుతున్నాను, అంతే."

అబద్ధం మాత్రం చెప్పేది కాదు. ఈ సూదితో కోత నొప్పి మాత్రమే తగ్గుతుందనీ, బిడ్డకు పాలిచ్చేటప్పుడు గర్భసంచి ముడుచుకునే నొప్పి ఉంటుందనీ, దానికి మాత్రలు వేళకు పడాల్సిందేననీ ప్రతి తల్లికీ ముందే చెప్పేది. మందు మర్నాటి దాకా పనిచేయొచ్చు, కొందరికి ముందే దిగొచ్చు, దిగితే సిస్టర్ని పిలువు అనేది. అట్లా పిలిస్తే వెళ్లాల్సిన సిస్టర్ని నేను. ఒకరోజు మాత్రలు ఆలస్యమయ్యాయని నన్ను అందరి ముందూ కడిగేసింది.

"మందు గడియారం చూసి ఇవ్వాలి సిస్టర్, ఏడుపు చూసి కాదు."

నాకూ కోపం తక్కువ కాదు. "గడియారం సూస్తనే ఉన్న మేడమ్. గని నాకు చేతులు రెండే ఉన్నయ్, మంచాలేమో వార్డు నిండ ఉన్నయ్."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. అటు నుంచి అటే సూపరింటెండెంట్ గదికెళ్లి వార్డుకు ఇంకో నర్సు కావాలని పెద్ద యుద్ధం చేసి వచ్చింది. నర్సు రాలేదు. కానీ ఆ రోజు నుంచి మాత్రల వేళకు తీరిక ఉంటే తనే వచ్చి ట్రే పట్టుకుని నా వెనక నడిచేది. అంత పెద్ద డాక్టరమ్మ ట్రే మోస్తుంటే నాకు మొహమాటంగా ఉండేది. "ఏంది మేడమ్ గిట్ల, ఇటియ్యండి," అంటే, "నోర్ముయ్యి, మాత్ర ఇయ్యి," అనేది. ఇయ్యి, జర, గట్ల అన్న మాటలు ఆమె నోట్లో వింతగా పలికేవి. మేం నవ్వితే ఇంకా ఎక్కువ వాడేది.

ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరమ్మతో ఒక పెద్ద గొడవైంది. లైన్లో ఇంకా కేసులున్నాయి, ఈ సూదులకు టైమ్ ఎక్కడిది అని ఆమె వాదన. "మీరు గ్లోవ్స్ తీసి, చేతులు కడుక్కుని, నోట్స్ రాసి, టీ తాగి వచ్చేలోగా నాదైపోతుందండీ," అంది మా డాక్టరమ్మ. "ఇన్నేళ్ల నుంచి ఈ సూది లేకుండా కనడం లేదా?" అని పెద్ద డాక్టరమ్మ. దానికి ఈమె ఇచ్చిన జవాబు మా ఆసుపత్రిలో చాలాకాలం చెప్పుకున్నాం: "మగాడి పన్ను పీకాలంటే మత్తు కావాలి. ఆడదాని పొట్ట కోశాక మాత్రం ఓర్పు చాలా?" ఆ రోజు చేతిలో ఉన్న స్టీలు ట్రే గోడకేసి కొట్టిందని కూడా చెప్తారు. చెప్పడమేంటి, నేను అక్కడే ఉన్నాను, కొట్టింది. ట్రే సొట్టపోయింది.

బయటి వాళ్లతో ఇంకో రకం పోరు. ఉప్పుగూడలో కూరగాయలమ్మే ఒక అత్తమ్మ మా గల్లీ మనిషే. కోడలికి కడుపులో సూదులు పొడిస్తే పాలు విషమైతయని థియేటర్ తలుపుకు అడ్డంగా కూర్చుంది. "నేను ఆరుగుర్ని కన్న. ఒక్క సూది ఎరుగ," అంది, కొంగు నడుముకు దోపి. డాక్టరమ్మ ఆమె పక్కనే నేల మీద చతికిలబడింది.

"ఆరుగుర్ని కన్నావు, గొప్పే. నీ పొట్ట ఎవరైనా కోశారా పెద్దమ్మా?"

"నన్నెందుకు కోస్తరు?"

"నీ కోడల్ని ఇప్పుడు కోస్తారుగా. కోసిన పొట్ట నీకు తెలీదు, నాకూ తెలీదు, దానికే తెలుస్తుంది. దాన్నడుగుదాం పద."

"పాలల్లకు మందు పోతది గద బిడ్డా?"

"పాలల్లోకి వెళ్లేది లెక్కలోకి రానంత. బిడ్డకేం కాదు. నొప్పితో తల్లి కూర్చోలేకపోతే మాత్రం పాలు పట్టేదెవరు? నువ్వు పడతావా?"

పెద్దమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే సగం ఒప్పుకున్నట్టే. తర్వాత ఆ పెద్దమ్మే మా గల్లీలో ఎవరి కోడలికి నెలలు నిండినా, "ఆ కడుపు పక్కల సూది అడుగుర్రి, మర్చిపోవద్దు," అని ఇంటింటికీ చెప్పి వచ్చేది. మా ఆసుపత్రి గోడల మీద అంటించిన ఏ కాగితం వల్లా అంత ప్రచారం జరగలేదు.

ఆమెకు చిన్న చిన్న అలవాట్లుండేవి. స్కాన్ చేసేటప్పుడు పొట్టకు రాసే జిగురు చల్లగా ఉంటుంది. ఆ సీసాను ముందుగానే వేడినీళ్ల గిన్నెలో పెట్టించేది. అప్పటికి తల్లి పొట్టకు స్పర్శే ఉండదు కదా మేడమ్ అంటే, "పొట్టకు ఉండదు, చేతికి తగిలితే ఉలిక్కిపడుతుంది," అనేది. పొద్దున మొదటి కేసు తల్లి తనంతట తాను పక్కకు తిరిగిందని నేను చెప్తే తప్ప అన్నం డబ్బా తెరిచేది కాదు. "తిరిగిందా?" అని ఫోను. తిరిగింది మేడమ్ అంటే అటు వైపు డబ్బా మూత చప్పుడు వినపడేది. గుర్రప్పందేలున్న రోజు మలక్‌పేటలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చి గుర్రాలనూ, వాటి మీద కూర్చున్నవాళ్లనూ, చూడ్డానికొచ్చినవాళ్లనూ కలిపి తిట్టేది. ఆవకాయ గురించి మాట్లాడితే మాత్రం మెత్తబడేది. మా ఇంటి పచ్చడి ఇస్తే, "ఇది తొక్కు, ఆవకాయ కాదు," అని పేరు పెట్టి, సీసా ఖాళీ చేసి ఇచ్చేది.

ఆమె రిటైరయ్యాక ఆ సూది ఒక్కరోజులో ఆగిపోలేదు. అట్లా ఆగి ఉంటే గొడవైనా చేసేవాళ్లం. మొదట ఆదివారాలు ఆగింది. తర్వాత కేసులు ఎక్కువున్న రోజుల్లో ఆగింది. మందు స్టాకు రాలేదని కొన్నాళ్లు, మిషన్ వేరే పనికి పోయిందని కొన్నాళ్లు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. "మంచిదే గాని, తప్పనిసరి అని రూలు లేదు కదా," అన్నారు. చివరకు స్కాన్ మిషన్ మీద పచ్చగుడ్డ కప్పి మూలన పెట్టారు. వార్డులో మళ్లీ నిమ్మళం, లొల్లి మొదలయ్యాయి. నేను అడిగిన ప్రతిసారీ "చూద్దాం సిస్టర్" అన్నారు. చూద్దాం అంటే మా దగ్గర అర్థం చూడం అని.

పోయే ముందు కొంతకాలం ఆమె మంచం పట్టింది. ఎముకలకు పాకిన జబ్బు. నేను మలక్‌పేట వెళ్లి చూశాను. గోడకు దిండు పెట్టి కూర్చోబెట్టారు. మనిషి సగమైంది, గొంతు మాత్రం అదే. కూర్చోమనలేదు, ఎట్లున్నావనలేదు.

"ఇస్తున్నారా?" అంది.

ఏది అని నేను అడగక్కర్లేదు. "లేదు మేడమ్," అన్నాను. జబ్బు మనిషితో అట్లా నిజం చెప్పొచ్చా అని మా ఇంట్లో తర్వాత నన్ను కోప్పడ్డారు. ఆమెతో ఇంకేం చెప్పగలను?

దిండు మీద కాస్త సర్దుకుని అంది: "నాకు నొప్పి మందు వేళకు పడుతోంది. మా అబ్బాయి ఫోన్లో అలారం పెట్టాడు. నేను డాక్టర్ని కాబట్టి, ఎవరిని అడగాలో, ఏం అడగాలో తెలుసు కాబట్టి దొరుకుతోంది. అడగడం తెలియని పిల్లలకు దొరకట్లేదు. నాకు సిగ్గుగా ఉందే."

"మీరెందుకు సిగ్గుపడుడు మేడమ్? పడాల్సినోళ్లు వేరే ఉన్నరు."

"అది ఆగకూడదు. ఆగిపోతే ఇన్నేళ్లూ నేను చేసింది నా ముచ్చట తీర్చుకోవడానికి అయినట్టు. నేను పోయాక నా గురించి ఏమన్నా అనుకోండి, ఆ సూది మాత్రం మళ్లీ మొదలుపెట్టించు." ఊపిరి తీసుకుని, "నీకు నోరుంది కదా, వాడు," అంది.

సంతాప సభ మా ఆసుపత్రి మీటింగ్ హాల్లో పెట్టారు. వెనక ఫ్లెక్సీ. దాని మీద ఆమె ఫొటోకు అటూ ఇటూ తామరపూలు, కింద "సహనమూర్తికి కన్నీటి నివాళి". ఆ మాట చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు నిమిషాల మౌనం అన్నారు, మధ్యలో ఎవరిదో ఫోను పాట పాడింది. సూపరింటెండెంట్ గారు మైకు అందుకుని, ఎంత ఒత్తిడిలోనైనా ఆమె మొహాన చిరునవ్వు చెరగలేదన్నారు. ఎవరితోనూ ఒక్క మాట గట్టిగా అని ఎరగదన్నారు. గోడకు తగిలి సొట్టపోయిన ట్రే ఇప్పటికీ మా స్టోరులోనే ఉంది. పెద్ద డాక్టరమ్మ ముందు వరసలో కూర్చుని తలూపుతోంది. ఆ సూది ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఒక మనిషి జీవితమంతా ఏ పని కోసం కొట్లాడిందో దాన్ని పక్కకు నెట్టి, ఆమెలో లేని గుణానికి దండ వేశారు. బతికుండగా ఆపలేకపోయిన నోటిని పోయాక మెత్తగా మూసేయడమంటే ఇదే.

నేను లేచాను. "సార్, నాదొక మాట."

కన్నీటి మాట అనుకున్నారు కాబోలు, మైకు ఇవ్వబోయారు. అక్కర్లేదన్నాను.

"మేడమ్ ఉన్నప్పుడు సిజేరియన్ అయిన ప్రతి తల్లికి కడుపు పక్కల సూది ఇచ్చి పంపేది. మిషన్ ఉన్నది, మందున్నది, చేసే డాక్టర్లున్నరు. ఇప్పుడెందుకు ఇస్తలేరు? రేపట్నుంచైనా ఇస్తరా?"

ముందు వరసలో పెద్ద డాక్టరమ్మ తలూపడం ఆపేసింది.

"సిస్టర్, ఇది సంతాప సభ. ఆఫీసు విషయాలు ఇక్కడొద్దు," అన్నారు సూపరింటెండెంట్ గారు.

"మరెక్కడ అడగాలె సార్? ఆఫీసుల అడిగితే చూద్దాం అంటిరి."

"ఎమోషనల్ అవ్వకండి. చూద్దాం."

ఆయన పక్కకు చూశారు. ఎవరో సమోసాల పళ్లెం తెచ్చారు. నేను అది ముట్టుకోకుండా వార్డుకు బయల్దేరాను. మెట్ల దగ్గర వెనక నుంచి ఎవరో సిస్టర్, సిస్టర్ అంటూ వచ్చారు. కొత్తగా చేరిన మత్తు డాక్టరు, కుర్రవాడు, వరంగల్ వైపు మనిషి.

"పొద్దున అయిన కేసులు వార్డుల ఎంతమంది ఉన్నరు సిస్టర్?"

"ఇద్దరు."

"ఆ సూది నాకొచ్చు. నేను చదివిన కాడ రోజూ చేసేటోళ్లం. ఇక్కడ ఎవరు అడగలే, నేను చెయ్యలే. నడువుర్రి."

పచ్చగుడ్డ తీసి మిషన్ను బండి మీద పెట్టి తెచ్చాడు. వార్డులో పొద్దున ఆపరేషన్ అయిన ఇద్దరిలో ఒకామె మంచం కిటికీ పక్కన, ఇంకొకామెది గోడ పక్కన. ఇద్దరికీ నడుము మత్తు దిగిపోయింది, ఇద్దరూ పళ్లు బిగబట్టి ఉన్నారు. కిటికీ పక్కన ఆమె దగ్గర మొదలుపెట్టాడు. బరువు అడిగాడు, పైన చర్మం మొద్దుబారేట్టు ముందు చిన్న సూది ఇచ్చాడు, తెర మీద పొరలు నాకూ చూపించాడు. చెయ్యి నెమ్మది. అచ్చం మా మేడమ్ చెయ్యే. రెండో పక్క కూడా అయింది. ఆమెను కాసేపు కనిపెట్టి చూసి, మిషన్ గోడ పక్క మంచం వైపు తిప్పుతుండగా థియేటర్ నుంచి ఫోను. బిడ్డ గుండె చప్పుడు తగ్గిన అర్జెంటు కేసు. ఆ పూటకు మత్తు డాక్టరు అతనొక్కడే.

"వస్త సిస్టర్," అని పరుగెత్తాడు. ఆ కేసు తర్వాత ఇంకోటి తగిలింది, దాని తర్వాత ఇంకోటి. అతన్ని నేను తప్పు పట్టను. గోడ పక్క ఆమెకు వేళకు ఇవ్వాల్సిన మందులు ఇచ్చాను. అంతకు మించి నా చేతిలో లేదు.

సాయంత్రమైంది. మా వార్డులోకి మగవాళ్లను రానివ్వరు. భర్తలు కింద ఆవరణలో నిలబడి పైకి చూస్తూ ఉంటారు, ఆడవాళ్లు కిటికీలోంచి బిడ్డల్ని చూపిస్తారు. కిటికీ పక్కన ఆమె నా చెయ్యి పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది. వాళ్లమ్మ బిడ్డను ఎత్తి పట్టుకుంది. కింద నుంచి ఒకాయన రెండు చేతులూ ఊపాడు, ఈమె నవ్వింది, ఏదో సైగ చేసింది. నవ్వగలిగింది.

గోడ పక్క ఆమె అదంతా చూస్తోంది. మోచేయి ఆనించి లేవబోయింది. సగంలో ఆగి, మళ్లీ దిండు మీద వాలిపోయింది. "సిస్టరమ్మా, మా ఆయన గూడ వచ్చి ఉంటడు. నా బిడ్డను జర నువ్వు చూపియ్యరాదూ," అంది.

ఎత్తుకుని వెళ్లి కిటికీలో పట్టుకున్నాను. కింద ఖాకీ చొక్కా వేసుకున్న ఆటో అతను బిడ్డకు చుట్టిన తమ దుప్పటిని గుర్తుపట్టి ముందుకొచ్చాడు. బిడ్డను ఒక్కసారి చూశాడు. తర్వాత తల ఇటూ అటూ వంచి నా భుజాల వెనక వెతకడం మొదలుపెట్టాడు.

"సిస్టరమ్మా, మా ఆమె ఏది? మంచిగుందా?" అని పైకి కేకేశాడు.

గోడ పక్క మంచం మీద ఆమె ఆ గొంతు విన్నది. ఇక్కడున్నానని గట్టిగా చెప్పబోయి, పొట్ట పట్టుకుని, నా వైపు చూసి, నా వల్ల కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను కింద ఇంకా అడుగుతూనే ఉన్నాడు.